ఆడవాళ్ళకు బూట్లెందుకు అంటే

ఇంట్లో అందరి కాళ్ళ నంబర్లూ మనకు నోటికి వచ్చు. పిల్లవాడి స్కూలు బూటు ఎంత, ఇంటాయన చెప్పు ఎంత, మామగారికి ఏ పట్టీ ఒరుసుకుని పుండు పడుతుంది, నిద్రలో లేపి అడిగినా చెబుతాం. మన కాలి నంబరు ఎంతమ్మా అంటే మాత్రం "ఆరో ఏడో, పెట్టి చూస్తే తెలుస్తుంది" అంటాం. నమ్మకపోతే పక్కింటావిడను అడిగి చూడండి.

ఇప్పుడీ మాట ఎందుకొచ్చిందంటే, కార్తీకంలో మా ఇళ్ళ ఆడవాళ్ళం ఏడుగురం అహోబిలం పోవాలనుకున్నాం. కారులో పోయి దిగువ అహోబిలం, ఎగువ అహోబిలం చూసి వచ్చేయడం కాదు, తొమ్మిది నరసింహాలనూ నడిచి చూడాలని పట్టుదల. మా పాప బెంగళూరులో చదువుతోంది. ఈ సంగతి చెప్పగానే ఫోన్లో వరసగా బూట్ల బొమ్మలు పంపింది. అన్నిటికిందా అవే మూడు మాటలు: లైట్‌వెయిట్, వాటర్‌ప్రూఫ్, యాంకిల్ సపోర్ట్. మా అత్తమ్మ ఆ బొమ్మలు చూసి, "పోలీసు ఉజ్జోగమేమన్నా వచ్చిందా యేంది మీకు? దేవుని దగ్గరికి బూట్లేసుకోని పోతారా?" అనింది. మా ఆడబిడ్డ, "వదినా, నాలుగు వేలు పోసి కాళ్ళకు కొనేదానికన్నా ఒక చీర కొనుక్కోవచ్చు గదా" అనింది. మా ఇంటాయన మాత్రం ధర చూసి ఏమీ అనలేదు. అనకపోవడం కూడా ఒక మాటే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆడవాళ్ళు బూట్లు కొనుక్కోవాలి. అహోబిలానికే కాదు, మా కుందుర్పి చేలకు కూడా కొనుక్కోవాలి. అయితే ఆ మూడు మాటల్లో నీరు పట్టకపోవడం అనేదాన్ని చివరికి నెట్టాలి. తేలిక ముందు. మన కాలికి సరిపోవడం అన్నిటికన్నా ముందు.

చెప్పుకు మన భాషలో పాదరక్ష అని పేరు. పాదుక, జోడు, ముచ్చె అని ఇంకా ఎన్నో మాటలున్నా నాకు ఇదే ఇష్టం, పని ఏమిటో పేరులోనే ఉంది. చెప్పులో రాయిని ఇంట్లో పోరు పక్కన పెట్టి లెక్కించాడు మన వేమన. అంత తెలిసిన జాతి వాళ్ళం కదా, ఆడవాళ్ళ కాలికి రక్ష ఎందుకు ఇవ్వలేదో!

మా ప్రాంతం తెలియని వాళ్ళకు ఒక మాట. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అది కూడా కురిస్తేనే. ఎర్రనేల, బండలు, వేరుశెనగ చేలు, గట్ల వెంబడి సర్కారు తుమ్మ. ఈ నేలమీద ఎక్కువగా నడిచేది ఎవరు? మగవాళ్ళకు బండి ఉంది. చేనికి నడిచి పోయేది ఆడవాళ్ళు, మేకల వెనక తిరిగేది ఆడవాళ్ళు, ఉపాధి హామీ పనికి పొద్దున్నే గడ్డపార బుజాన వేసుకుని పోయేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళ కాళ్ళకు ఉండేది అరిగిపోయిన హవాయి చెప్పులు. సర్కారు తుమ్మ ముల్లు ఆ రబ్బరును తాటాకులా దూసుకుని పైకి వస్తుంది. సాయంత్రం అరుగుమీద కూర్చుని పిన్నీసుతో ముల్లు తీసుకోవడం మన ఊళ్ళలో ఒక దినచర్య. దాన్నెవరూ దెబ్బ కింద లెక్కపెట్టరు.

ముల్లు ఒక్కటే అయితే సరిపోయేది. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని పరిశోధకులు లెక్క తేల్చారు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాట్లలో ఎక్కువ భాగం పాదం మీద, పిక్క మీదే పడతాయి. చెనక్కాయ పీకేటప్పుడు, కుప్పలు కదిలించేటప్పుడు రక్తపింజర ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు? మూసి ఉన్న బూటు అన్ని కాట్లనూ ఆపకపోవచ్చు గానీ, హవాయి చెప్పు ఒక్క కాటునూ ఆపదు. అందుకే ట్రెక్కింగ్ బూటు అంటే డబ్బున్న పట్నంవాళ్ళ సరదా అనే మాట నాకు నచ్చదు. కొండలెక్కే సరదా లేనివాళ్ళకే అది ఎక్కువ అవసరం.

ఇక కొనే సంగతి.

తేలిక ఎందుకంటే, పాదానికి కట్టిన బరువును ప్రతి అడుగుకూ ఎత్తి దించాలి. కాలిమీద ఒక కిలో వీపుమీద అయిదు కిలోలతో సమానం అని కొండలెక్కేవాళ్ళు చెప్పే పాత లెక్క ఉంది. అంత కచ్చితంగా కాకపోయినా అటూ ఇటూగా అది నిజమే. పాత రకం తోలు బూటు ఒక్కొక్కటి ముప్పావు కిలో దాకా ఉంటుంది. ఇప్పుడు వచ్చే పొట్టి ట్రెక్కింగ్ బూట్లు ఒక్కొక్కటి మూడు నాలుగు వందల గ్రాములు. రోజంతా ఇంటిపనిలో నిలబడి నిలబడి అప్పటికే మోకాళ్ళు అరిగిన మనకు ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది. దుకాణంలో తక్కెడ అడగక్కర్లేదు. రెండు చేతుల్లో రెండు రకాల బూట్లు పట్టుకోండి, కూరగాయలు తూచే చేతులు మనవి, చెప్పేస్తాయి.

నీళ్ళ సంగతి. వాటర్‌ప్రూఫ్ బూటు లోపల సన్నటి పొర ఒకటి ఉంటుంది. 1969లో బాబ్ గోర్ అనే అమెరికా ఆయన ఒక రకం ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా లాగి చూస్తే అది సాగి కంటికి కనపడని రంధ్రాలతో తయారైంది. గోర్‌టెక్స్ అలా పుట్టింది. నీటి బొట్టు పట్టనంత చిన్నవి ఆ రంధ్రాలు, చెమట ఆవిరి మాత్రం పోతుంది. వినడానికి బాగుంది. ఆవిరి బయటికి పోవాలంటే లోపలికన్నా బయట చల్లగా, పొడిగా ఉండాలి. మన దగ్గర మే నెలలో బండమీద నిలబడితే లోపలా బయటా ఒకటే పొయ్యి. ఆ బూటులో కాలు ఇడ్లీలా ఉడుకుతుంది. చెమటకు నానిన చర్మం ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది. వాన లేని ఊళ్ళో వాన పట్టని బూటు కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టడం నాకు అర్థం కాదు.

అహోబిలంలో నీళ్ళుంటాయి కదా అంటారు. ఉంటాయి. నల్లమలలో భవనాశిని వాగు ఉంది, జ్వాలా నరసింహస్వామి దగ్గరికి పోయే దారి రాళ్ళ మధ్య, వాగు పక్కన పోతుంది. అక్కడే వాటర్‌ప్రూఫ్ బూటు అసలు రంగు బయటపడుతుంది. వాగులో చీలమండ దాకా దిగితే నీళ్ళు పైనుంచి లోపలికి పోతాయి. బయటి నీటిని ఆపిన పొరే లోపలి నీటిని కూడా బయటికి పోనివ్వదు. రెండు చెంబుల నీళ్ళు మోస్తూ తొమ్మిది గుళ్ళు తిరగాలి. జల్లెడలాంటి గుడ్డ ఉన్న మామూలు బూటులోకి నీళ్ళు వస్తాయి, నాలుగడుగులు వేస్తే పోతాయి, ఎండ తగిలితే ఆరతాయి. రోజంతా జల్లు పడే మల్నాడు కొండల్లో, గడ్డిలో, బురదలో నడిచేవాళ్ళకు వాటర్‌ప్రూఫ్ మంచిదే. మా పాప స్నేహితురాళ్ళు జూలైలో కర్ణాటక కనుమలకు పోతారు, వాళ్ళకది సరి. వాళ్ళ వాన వేరు, మన వాన వేరు.

చీలమండ దాకా ఎత్తుగా ఉండే బూటు వేసుకుంటే కాలు మెలికపడదని పెద్ద నమ్మకం. ఎత్తు ఒక్కటే కాలిని కాపాడదు. మడమ దగ్గర గట్టి గిన్నెలాంటి భాగం ఉంటుంది, కాలి మడమ అందులో కుదురుగా కూర్చుంటే అసలు ఆధారం అది. పరీక్ష చాలా సులభం. బూటును ముందూ వెనకా పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టండి. మొత్తం మెలితిరిగిపోతే వద్దు. ముందుభాగాన్ని పైకి వంచండి, వేళ్ళు వంగే చోట వంగాలి, నడుముకు విరిగినట్టు మధ్యలో వంగితే అది బజారుకు పోయే బూటు, బండలమీదికి కాదు. అడుగున రబ్బరు గోరుతో నొక్కితే కాస్త మెత్తగా ఉండాలి. మన కొండలమీద జారేది నీళ్ళకు కాదు, బండమీద పరుచుకున్న సన్నటి ఇసక్కు. గట్టి ప్లాస్టిక్ అడుగు ఆ ఇసకమీద గోళీలమీద నిలబడినట్టే.

ఎత్తు బూటు మనకు కుదరకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఏ బూట్ల కంపెనీ కాగితంలోనూ అది రాయరు. పట్టీలు. ఎత్తు బూటు అంచు సరిగ్గా పట్టీ ఉండే చోట పడుతుంది. గంట నడిస్తే వెండి గొలుసు చర్మంలోకి దిగుతుంది. మెట్టెల సంగతి ఇంకా ఉంది. బూటు ముందుభాగం ఇరుకుగా ఉంటే మెట్టె పక్కవేలిని కోస్తుంది. పట్టీలు తీసి డబ్బాలో పెట్టొచ్చు, దానికెవరూ ఏమనరు. మెట్టెలు తీయమని నేను చెప్పను, తీసేవాళ్ళను తప్పూ పట్టను. తీయని వాళ్ళు చెక్కడాలు, ముత్యాలు లేని పలచటి చుట్టు మెట్టె వేసుకుని, దానిపైన మందుల షాపులో దొరికే పేపరు టేపు ఒక చుట్టు చుట్టుకోండి. వేళ్ళు విప్పుకోగలిగేంత వెడల్పున్న బూటు చూసుకోండి.

వెడల్పు దగ్గరికి వచ్చాం కాబట్టి అసలు బాధ చెబుతాను. కాన్పులయ్యాక మన కాలు మారుతుంది. గర్భంతో ఉన్నప్పుడు బరువుకూ, కీళ్ళ పట్టు సడలడానికీ పాదం కింది వంపు కాస్త దిగి, కాలు కొన్ని మిల్లీమీటర్లు పొడవవుతుంది. చాలామందిలో కాన్పు తరువాత కూడా అలాగే ఉండిపోతుంది. పెళ్ళికి ముందు నంబరు పెళ్ళిలో కట్టుకున్న జాకెట్టు లాంటిది. ఇద్దరు పిల్లల తరువాత కూడా అదే నంబరు అడిగి, కాలు పట్టక, "నా కాళ్ళే లావు" అని తిట్టుకునేవాళ్ళు ఎంతమందో.

కాలు లావు కాదమ్మా, కొలత మనది కాదు. మన దుకాణాల్లో నంబర్లు ఇంగ్లండువాళ్ళవి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థవాళ్ళు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా కాళ్ళను యంత్రాలతో కొలిచారు. మన కాళ్ళు ఐరోపావాళ్ళ, అమెరికావాళ్ళ కాళ్ళకన్నా వెడల్పని తేలింది. వెడల్పు పట్టక, అవసరంకన్నా పొడవు బూట్లు కొని తొడుక్కుంటున్నామని కూడా. మన కాళ్ళకోసం వాళ్ళు తయారుచేసిన కొత్త కొలతకు "భ" అని పేరు పెట్టారు, భారత్‌లో భ. ఆ వార్త చదివినరోజు నాకు పండగలా అనిపించింది. లక్షమంది కాళ్ళు కొలిస్తేగానీ మన కాలు తప్పు కాదని తెలియలేదు చూడండి.

ఆ కొలతలు మన ఊరి దుకాణానికి ఎప్పుడొస్తాయో. ఇప్పటికైతే నేను దగ్గరి టౌనులో ఒక చెప్పుల దుకాణానికి పోయి ఏడో నంబరు అడిగితే, ఆ అబ్బాయి "ఆడోళ్ళకు అంత పెద్దది రాదు మేడం" అన్నాడు. ఉన్నవన్నీ గులాబీ రంగు, ముందు కొనదేలినవి. పక్క అరలో మగవాళ్ళ ఆరో నంబరు ఉంది. అది తీసి చూపించమంటే నవ్వు ఆపుకుంటున్నాడు. తొడిగితే నా కాలికి బంగారంలా సరిపోయింది. కాబట్టి మీకు నా సలహా, మగవాళ్ళ అరలో చూడండి, పెద్ద మగపిల్లల అరలో చూడండి. బూటుకు మగా ఆడా లేదు, వెడల్పు ఉంది అంతే.

కొనడానికి సాయంత్రం పోండి. పొద్దుటికన్నా సాయంత్రానికి కాలు కాస్త ఉబ్బి ఉంటుంది, నడకలో కూడా అలాగే ఉబ్బుతుంది. వేసుకోబోయే సాక్సులు మీవి మీరు తీసుకుని పోండి. నూలు సాక్సులు వద్దు, చెమటను పీల్చి తడిగుడ్డలా అంటుకుంటాయి. నైలాను కలిసినవీ ఉన్ని కలిసినవీ మేలు. బూటులోపలి మెత్తను బయటికి తీసి నేలమీద పెట్టి దానిమీద నిలబడండి. కాలు అంచులు దాటి పొంగితే ఆ బూటు మీకు ఇరుకు, ఇంకో మాట లేదు. వేళ్ళముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. దిగేటప్పుడు కాలు ముందుకు జారుతుంది, ఖాళీ లేకపోతే గోళ్ళు నల్లబడి ఊడతాయి. దుకాణంలో మెట్లుంటే ఎక్కి దిగండి. అబ్బాయి విసుక్కుంటే విసుక్కోనివ్వండి, చీరల కొట్లో నలభై చీరలు విప్పించినప్పుడు మనమేమన్నా సిగ్గుపడ్డామా?

షుగరు ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా చెబుతున్నాను. కాళ్ళు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవాళ్ళకు బూటు ఒరిసినా తెలియదు. సౌకర్యంగా ఉందా అని మీ కాలిని అడిగి లాభం లేదు, అది జవాబు చెప్పదు. డాక్టరును అడిగి కొనండి, ఇంటికొచ్చాక రోజూ పాదాలు అద్దంలో చూసుకోండి. షుగరు ఉన్నా లేకపోయినా బూటు వేసుకునే ముందు దులపండి, లోపల చేయి పెట్టేముందే దులపండి. మా వైపు తేలుకు అంతకన్నా మంచి ఇల్లు దొరకదు.

దేవుని దగ్గరికి బూట్లేమిటన్న అత్తమ్మ మాటను నేను తీసిపారేయను. అలిపిరి మెట్లు 3,550, నేనూ ఉట్టికాళ్ళతోనే ఎక్కాను, మళ్ళీ పోయినా అలాగే ఎక్కుతాను. అక్కడ మెట్టు ఉంది, పైన నీడ ఉంది, పక్కన మనుషులున్నారు. అహోబిలం అడవి దారి అలాంటిది కాదు. అక్కడ మొక్కు వేరు, మోకాలు వేరు. ఉట్టికాళ్ళతో నడవగలిగేవాళ్ళు నడవనీ, మొక్కుకున్నవాళ్ళను ఆపేదానికి నేనెవరు? మొక్కుకోని వాళ్ళను, ఆడది కాబట్టి చెప్పుల్లేకుండా నడిస్తేనే భక్తి అనకూడదు. మగవాళ్ళు బూట్లేసుకుని అదే దారిలో పోతుంటే వాళ్ళనెవరూ అడగరు.

గుడి గుడికీ విప్పాలి అన్నది మాత్రం నిజమైన ఇబ్బంది. తొమ్మిది చోట్ల తాళ్ళు విప్పి కట్టాలి, అది కూడా వంగితే నడుం పట్టేసే వయసులో. తాడు లాగితే బిగుసుకునే బొందు రకం బూట్లు ఉన్నాయి, యాత్రకు అవే తీసుకోండి. రెండు బూట్లూ పెట్టుకోడానికి ఒక గుడ్డసంచి కూడా, అడవిలో కోతులుంటాయి. చీర కడితే చీలమండ పైకి కట్టండి, చుడీదారయితే ఇంకా మంచిది. బూటు కిందకు కుచ్చిళ్ళు పడితే ఏ బూటూ కాపాడదు.

చీర కొనుక్కోవచ్చు కదా అన్న మా ఆడబిడ్డకు నేను లెక్క చెప్పాను. నాలుగు వేల చీర ఏడాదికి రెండు పెళ్ళిళ్ళకు కడతాం, మిగతా రోజులు బీరువాలో ఉంటుంది. బూటు రోజూ పొద్దున చేనికి వేసుకోవచ్చు, మూడేళ్ళు తిరుగుతుంది. అయినా ఆ లెక్క ఆమెను ఒప్పించలేదు. నాలుగు రోజులాగి, "వదినా, రంగేముంటాయి అందులో?" అని అడిగింది.

బూట్లేసుకున్న ఆడపిల్లను చూసి నవ్వేవాళ్ళకు మాలావత్ పూర్ణ పేరు గుర్తుచేయండి. నిజామాబాదు జిల్లా పాకాల గిరిజన కుటుంబం పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది, భువనగిరి బండమీద ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న, పధ్నాలుగేళ్ళు కూడా నిండకుండానే ఎవరెస్టు మీద నిలబడింది. ఆ పిల్ల కాలికి సరిపోయే బూటు ఎవరో ఒకరు వెతికి ఇచ్చి ఉంటారు కదా. మా ఊళ్ళోని కొండ కోట ఎక్కడానికి మా ఇంటి పిల్లలకు కూడా అట్లా వెతికి ఇవ్వొచ్చు, ఇంటర్ మార్కులకు ఫోన్ కొనిచ్చే ఇళ్ళే కదా మనవి.

మేం ఏడుగురిలో ఇప్పటికి నలుగురికి కుదిరాయి. ఒక్కటి కూడా వాటర్‌ప్రూఫ్ కాదు, ఒక్కటి కూడా గులాబీ రంగు కాదు. రోజూ పొద్దున వంట కాకముందు ఊరి బయట బండల దాకా పోయి వస్తున్నాం, కొత్త బూటు కాలికి అలవాటు కావాలంటే కనీసం రెండు వారాలు ఇలా నడవాలి. మా చిన్నత్త కాలికి మాత్రం వెడల్పు ఇంకా దొరకలేదు, ఆమెది మగవాళ్ళ అయిదో నంబరు, అది ఎక్కడా తెప్పించరట. అనంతపురంలోగానీ కళ్యాణదుర్గంలోగానీ వెడల్పు బూట్లు ఏ వీధిలో దొరుకుతాయో తెలిసినవాళ్ళు చెప్పండి, కార్తీకానికి ఎన్నో రోజులు లేవు.